ఇంటి కంప్యూటర్ల పొత్తు

మన కోలారు జిల్లా చెరువులకు పేరుగాంచినది. టేకల్ వంటి మెట్టసీమ గ్రామములలో చెరువు నీటిని పంచుటకు పూర్వము నీరుగంటి యుండెడివాడు. తూము తెరచుట, ఏ చేనికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుట, సమయము కాగానే మడవ మార్చుట ఆతని పని. చెరువు అందరిది, తూము తెరచు అధికారము మాత్రము అందరిది కాదు. ఇంటిలోని కంప్యూటర్ల పొత్తునకును ఇదియే సూత్రము.

విద్యార్థులారా! నేడు కొన్ని యిండ్లలో రెండు మూడు కంప్యూటర్లుండును. ప్రింటరు ఒక్కటియే యుండును. వ్రాసిన పాఠమును పెన్‌డ్రైవులో నెక్కించి ప్రింటరున్న గదికి మోయుటకంటె ఆ యంత్రములను కలుపుట సులభము. వానిని కలుపు సాధనమే రౌటరు. అది నీరుగంటి వంటిది. ఒక్కొక్క యంత్రమునకు ఒక సంఖ్య నిచ్చి, ఎవరికి పంపిన సమాచారమును వారికే చేర్చును. ఈ సంఖ్యలు తరచుగా 192.168తో మొదలగును. ఇవి ఇంటిలోపల మాత్రమే చెల్లును. వెలుపలి ఇంటర్నెట్టులో చెల్లవు.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1973లో అమెరికాలోని జెరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ అను పద్ధతిని ప్రతిపాదించెను. అచ్చటనే రూపొందిన లేజరు ప్రింటరును పలు కంప్యూటర్లు వాడుకొనవలెనను కోరికయే అందులకొక కారణము.

ఇక పద్ధతి వినుడు. విండోస్ కంప్యూటర్లన్నిటిని ఒకే రౌటరునకు కలుపవలెను. ఇంటి నెట్‌వర్కును సెట్టింగులలో ‘ప్రైవేటు’ అని గుర్తింపవలెను. పంచదలచిన ఫైళ్ల కొరకు వేరుగా ఒక ఫోల్డరు నేర్పరచి, దాని ప్రాపర్టీసులోని ‘షేరింగు’ భాగములో ఎవరికి అనుమతియో తెలుపవలెను. చదువుటకు మాత్రమే అనుమతి యిచ్చినచో ఇతరులు చూడగలరు గాని మార్చలేరు. ప్రింటరును గూడ ఇట్లే పంచవచ్చును. అయితే అది ఒక కంప్యూటరునకు తీగతో తగిలించినదైనచో, ఆ కంప్యూటరు మేల్కొని యున్నప్పుడే ఇతరులకు పనిచేయును. వైఫై ప్రింటరు నేరుగా రౌటరునకు కలియును గనుక దానికి ఈ యిబ్బంది లేదు.

తూము తెరచినవాడు కావలి మరువరాదు. 2017 మే 12న ‘వాన్నాక్రై’ అను దుష్టప్రోగ్రాము లోకమంతట వ్యాపించెను. ఫైళ్లను పంచుకొనుటకై విండోస్ వాడు పాతపద్ధతిలోని లోపమే దానికి దారి. ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు ధనము కోరుట దాని స్వభావము. మన పొరుగున నున్న చిత్తూరు జిల్లాతో పాటు మరికొన్ని ఆంధ్ర జిల్లాలలోని పోలీసు కంప్యూటర్లును దీని వాత బడెను. ఆ లోపమును సరిదిద్దు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలల ముందే, అనగా మార్చిలోనే, విడుదల చేసియుండెను. కావున సవరణలను వాయిదా వేయరాదు. రైల్వే స్టేషను వంటి బహిరంగ స్థలములలో ‘పబ్లిక్’ అనియే గుర్తించి, పంచుకొనుటను నిలిపివేయవలెను. ముఖ్యమైన ఫైళ్లకు మరియొక ప్రతిని విడిగా దాచవలెను.

మన భాషవారికి వేరొక చిక్కు కలదు. పాత తెలుగు ఫాంటుతో వ్రాసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అక్షరములకు బదులు అర్థములేని గుర్తులు కనబడును. యూనికోడ్‌లో వ్రాసినచో ఈ బాధ తగ్గును. అందులో తెలుగునకు 128 స్థానములు, వెనువెంటనే కన్నడమునకు 128 స్థానములు కేటాయింపబడినవి. మన జిల్లాలో వలెనే అచ్చటను రెండు భాషలు ఇరుగుపొరుగు! ఒకే ఫైలులో రెండును కలహము లేక నిలుచును. ముద్రణకు పంపునపుడు పీడీఎఫ్‌గా మార్చుట మరింత క్షేమము.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల పాఠముల ఫోల్డరును పంచుడు. బ్యాంకు కాగితములు, ఆధారు ప్రతులు ఉన్న ఫోల్డరును పంచకుడు. రౌటరుతో వచ్చిన సంకేతపదమును మార్చి, క్రొత్తదానిని ఇంటివారికి మాత్రమే తెలుపుడు. దేనిని ఎవరికి తెరచితిమో ఎరిగియుండుటయే మంచి పొత్తునకు మొదటి పాఠము.