వానలో స్కీయింగ్: అక్కకి నేను చెప్పిన తప్పు జవాబు

నేను ఇంతవరకు మంచుని డీప్ ఫ్రీజర్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. అయినా మొన్న సంక్రాంతికి స్కీయింగ్ మీద ఒకరికి సలహా ఇచ్చాను. అది తప్పని తర్వాత తేలింది. ఎలా తప్పో చెప్పడానికే ఈ వ్యాసం. (తెలుగు టైపింగ్ నాకు కొత్త, ఒత్తులు తప్పితే సర్దుకోండి.)

మా అక్క పెళ్ళయ్యాక బావతో బెల్‌వ్యూ వెళ్ళింది. సియాటిల్ పక్కనే ఉంటుంది. డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం లేదు. అక్కడ చలికాలమంతా ముసురే. బావ ఆఫీసుకి వెళ్తే అక్క, కిటికీ, వాన. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద ఒక సోమవారం సెలవు వస్తుంది. ఆ లాంగ్ వీకెండ్‌లో స్నోక్వాల్మీ కనుమ దగ్గర స్కీయింగ్ నేర్చుకుందామని ఇద్దరూ టికెట్లు కొన్నారు. డబ్బు వెనక్కి రాని టికెట్లు. తీరా చూస్తే ఆ రోజు వాన అని ఫోర్‌కాస్ట్.

కనుమ పండగ రోజు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇంజినీరింగ్ చదువుతున్నావుగా, వానలో వెళ్ళొచ్చా చెప్పు." అమ్మ వెనక నుంచి "కనుమ నాడు కాకైనా కదలదు" అంది. ప్రయాణం కనుమ నాడు కాదు, ఊరికే అంది. నేను అస్సలు ఆలోచించకుండా "వాన పడితే మంచంతా కరిగిపోతుంది, వేస్ట్ అక్కా" అన్నాను. "సరేలే" అంది. బావ ఫ్రెండ్స్‌తో వెళ్ళాడు. అక్క వెళ్ళలేదు. ఆ "సరేలే" నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

సెమిస్టర్ మొదలయ్యాక ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఇంటర్ ఫిజిక్స్ చాలు దీనికి. రోజంతా 20 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. అంటే చదరపు మీటరుకి 20 కిలోల నీళ్ళు. ఆ నీళ్ళు 5 డిగ్రీల నుంచి 0 డిగ్రీలకి చల్లారితే ఇచ్చే వేడి సుమారు 420 కిలోజూళ్ళు. కిలో మంచు కరగాలంటే 334 కిలోజూళ్ళు కావాలి. (దీన్ని గుప్తోష్ణం అంటారని అమ్మ చెప్పింది. అమ్మది తెలుగు మీడియం. నాకు లేటెంట్ హీట్ అనే తెలుసు.) అంటే రోజంతా వాన పడినా కరిగేది కిలోంపావు మంచు. అణిగి గట్టిపడిన మంచులో అది సుమారు 3 మిల్లీమీటర్ల మందం. కింద మీటరుకి పైగా మంచు ఉండే చోట 3 మిల్లీమీటర్లు!

మరి వానలకి మంచు కరిగిపోయిందని అందరూ అంటారు కదా? అది కూడా నిజమే. కానీ ఎక్కువగా కరిగించేది చినుకు కాదు, దాంతో వచ్చే తేమగాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ సీసాకి చెమట పట్టడం చూస్తాం కదా, అలాగే గాలిలోని ఆవిరి మంచు మీద నీరుగా మారుతుంది. ఒక్క గ్రాము ఆవిరి అలా మారితే ఏడు గ్రాముల పైచిలుకు మంచు కరుగుతుంది. హవాయి వైపు నుంచి వెచ్చని తేమ నదిలా వచ్చి ఈ కొండలకి తగిలే రోజులుంటాయి. అక్కడ దాన్ని పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు. మానుకోవాల్సింది ఆ రోజుల్లో. గాలి లేని మామూలు తుంపర వేరే సంగతి.

ఇంకో సంగతి ఎత్తు. కనుమ సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. దాని పక్కనే ఉన్న ఆల్పెంటల్ వాలు పైకొస సుమారు 1,650 మీటర్లు. కిలోమీటరు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 2 డిగ్రీల దగ్గర వాన పడుతుంటే పైన సున్నాకి తక్కువే, అక్కడ పడేది మంచు. అంటే బాగా వచ్చినవాళ్ళు పైన మంచులో జారుతుంటే, కొత్తగా నేర్చుకునేవాళ్ళు కింద తడుస్తారు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపించింది.

కానీ నేర్చుకునేవాళ్ళకి తడి మంచు అంత చెడ్డదేం కాదు. స్కీ జారేది సన్నటి నీటి పొర మీద. నీళ్ళు మరీ ఎక్కువైతే రెండు తడి గాజు పలకలు అంటుకున్నట్టు స్కీ అడుగు మంచుకి అంటుకుంటుంది, వేగం పడిపోతుంది. పోటీల్లో దిగేవాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. అందుకే నీటిని తరిమే ఫ్లోరిన్ మైనాలు రాసేవారు. పర్యావరణానికి, ఆరోగ్యానికి మంచివి కావని ఎఫ్‌ఐఎస్ వాటిని 2023-24 సీజన్ నుంచి పోటీల్లో నిషేధించింది. మా అక్కకి మాత్రం నెమ్మదిగా జారడమే కావాలి. పడినా మెత్తగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, బరువైన మంచులో స్కీ ఇరుక్కుని మోకాలు మెలిపడొచ్చు. కాబట్టి చదునైన వాలు, చిన్న మలుపులు.

అసలు భయపడాల్సింది వాన వెలిసి చలి పట్టిన మర్నాటి పొద్దున. తడిసిన మంచంతా గడ్డకట్టి గచ్చులా అవుతుంది. దాని మీద పడితే దెబ్బే. ఇక కొత్తగా పడిన మంచు మీద వాన పడితే కొండ మీద హిమపాతాలు జారతాయి. ఆ రోజుల్లో గీత దాటి అడవి వాలుల్లోకి వెళ్ళకూడదు, ఎంత బాగా వచ్చినా సరే. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలంలో రోజూ హెచ్చరికలు ఇస్తుంది, అవి చూసుకోవాలి.

తడి బట్టల సంగతి చిన్నదేం కాదు. 2, 3 డిగ్రీల దగ్గర కాటన్ తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని, పైన నీరు దిగని జాకెట్ ఉండాలి. అయినా లిఫ్ట్ మీద కదలకుండా కూర్చున్న ఆ కొన్ని నిమిషాల్లోనే తడిసిపోతారట. రెండు జతల గ్లవ్స్ తీసుకెళ్ళాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. టికెట్ డబ్బు వెళ్ళినా పోయింది, మానినా పోయింది. దాన్ని సంక్ కాస్ట్ అంటారు, మాకు ఎకనామిక్స్‌లో ఒక యూనిట్ ఉంది. అందుకని అడగాల్సింది "డబ్బు కట్టాంగా" అని కాదు, ఇవాళ్టి రోజు ఇంట్లో గడపడమా, తడుస్తూ గడపడమా అని. నిజంగా విసుగొస్తే రెండు గంటల్లో వెనక్కి వచ్చేయొచ్చు, కారు ప్రయాణం గంట లోపే. ఇంట్లో ఆరు నెలల నుంచి వాన చూస్తున్న మనిషికి నేను ఈ లెక్క వేయలేదు. మంచు కరుగుతుందా లేదా అన్నదే చూశాను, అదీ తప్పుగా.

మార్చిలో మళ్ళీ టికెట్లు కొన్నారు. మళ్ళీ వానే. ఈసారి నన్ను అడగలేదు, వెళ్ళొచ్చాక ఫోన్ చేసింది. వాన వల్ల జనం లేరట, లిఫ్ట్ దగ్గర లైనే లేదట. పదకొండు సార్లు పడిందట, లెక్కపెట్టుకుంది. కళ్ళద్దాల నిండా ఆవిరి పట్టి ఏమీ కనపడలేదంది. రెండున్నర గంటలున్నారు. చివరిసారి పడకుండా కింద దాకా వచ్చిందట, అది మాత్రం మూడుసార్లు చెప్పింది. గ్లవ్స్ హీటర్ దగ్గర ఆరేసి ఫోటో పంపింది.

నేను లెక్క వేసిన నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపాను. కాసేపటికి రిప్లై వచ్చింది. "ఇది అప్పుడెందుకు చేయలేదురా?"