నేలపట్టు చెరువు: పెత్తనములు పెక్కు, నీరు ఒక్కటి



నెల్లూరు కోస్తాలో దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టు చెరువును మనలో పలువురు చూచియే యుందురు. ఈశాన్య ఋతుపవనపు వానలకు చెరువు నిండగానే, నీట నిలిచి పెరుగు కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు మున్నగునవియు వానితో చేరును. ఇవి మేతకై సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న పులికాటు సరస్సునకు పోయి వచ్చుచుండును. వాని రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు నత్రజనిని, భాస్వరమును తెచ్చి యిచ్చును. ఇట్టి నీరు పారు మడిలో ఇతరుల మడిలో వలెనే యూరియా చల్లుట ధనమును పారబోసి అగ్గితెగులును పిలుచుటయే.

1976లో ఈ తావు పక్షుల సంరక్షణ కేంద్రముగ ప్రకటింపబడెను. దాని విస్తీర్ణము సుమారు 459 హెక్టారులు. అందు చెరువు ఎనుబది హెక్టారులకు పైబడి యున్నది. 2022లో జిల్లాల విభజన జరిగినపుడు ఈ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేర్చబడినది. చెట్లు, పక్షులు అటవీ శాఖవారి పాలు. కట్ట, తూము, కలుజు అనునవి నీటిపారుదల అధికారుల విచారణలోని విషయములు. హక్కుల తగవు కలెక్టరు గారిది. ఊరి బాటలు పంచాయతీవి, యాత్రికుల రాకపోకలు పర్యాటక శాఖవి. ఆయకట్టు భూములు మాత్రము మనవి. 2001లో ఆరంభమైన పక్షుల పండుగకు ఈ శాఖలన్నియు కూడుచుండును. కొన్ని యేండ్ల విరామానంతరము 2025 జనవరి 18, 19, 20 తేదులలో ఆ పండుగ మరల జరిగినది. మంచిదే. కాని నీటి పంపకమును జనవరిలో యోచించిన ఫలమేమి? అప్పటికి నారు నాటుట ముగిసి, గూటిలో పిల్లలు పుట్టి యుండును. ఈ కూడిక అక్టోబరులో జరుగవలెను.

ఏలయన, కొంచెము లెక్క చూడుడు. నవంబరు చివర గుడ్లు పెట్టిన గూడబాతునకు అవి పొదుగబడుటకు సుమారు 30 దినములు పట్టును. పిల్లలు మూడు మొదలు అయిదు మాసముల వరకు గూటిని గాని, దాని పరిసరములను గాని విడువవు. అనగా మార్చి ముగియువరకైనను చెట్ల మొదట నీరుండవలెను. నీరింకినచో కుక్కలు, నక్కలు చెట్ల క్రిందికి వచ్చును, మనుష్యులును వత్తురు. గూటినుండి జారిన పిల్లకు దిక్కుండదు.

ఇక మన లెక్క. నవంబరు మొదట నారు పోసిన నెల్లూరు మసూరి 120 మొదలు 125 దినములలో, అనగా మార్చి మొదటి వారమునకు కోతకు వచ్చును. ఫిబ్రవరి చివర తూము మూయవచ్చును. అదే దినమున పోసిన 150 దినముల రకమునకు మార్చి మూడవ వారము వరకు నీరు కావలెను. ఆలస్యముగ పోసినచో ఏప్రిలు వచ్చును. ఆయకట్టులో నలుగురు దీర్ఘకాలపు రకము పెట్టినను, ఆ నలుగురి కొరకు తూము తెరచియే యుంచవలసి వచ్చును. కావున ఏ రకము వేయవలయుననునది యిచ్చట ఒక్కొక్కరి యిష్టమునకు విడువదగిన మాట కాదు. అందరును ఒకే వారమున నారు పోసి, ఒకే కాలపు రకము నాటినచో సుమారు ఇరువదియైదు దినముల నీరు చెరువులో మిగులును. దానిని చూచి ఎడగారునకు ఆశపడరాదు. ఈ మాట కొందరికి రుచింపదని యెరుగుదును. పంట నష్టపోవు రైతు ఎడగారు మానుకొనినందుకు పరిహారము అడుగుట న్యాయమే. అడుగవలసిన చోట అడుగవలెను.

ఆ చోటేది? 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము సంరక్షణ కేంద్రములోనికి వచ్చు నీటినిగాని, వెలుపలికి పోవు నీటినిగాని అనుమతి లేక మళ్లించుట, నిలుపుట, పెంచుట నిషిద్ధము. కావున క్రొత్త కాలువ త్రవ్వదలచినను, ఉన్నదానిని పూడ్చదలచినను ముందుగా అర్జీ పెట్టవలెను. 2003లో ఆ చట్టమునకు చేర్చిన నిబంధన వలన ప్రతి సంరక్షణ కేంద్రమునకు ఒక సలహా సంఘము ఏర్పరుపవలసి యున్నది. అందు శాసనసభ్యునకు, పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులు ముగ్గురకు, స్వచ్ఛంద సంస్థల వారికి, హోము, పశువైద్య శాఖల వారికి స్థానము కలదు. తూము చూచు శాఖకు గాని, 1997వ సంవత్సరపు చట్టము వలన ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములకు గాని ఆ జాబితాలో పేరు పెట్టి స్థానము లేదు! చెరువు మీది సంఘములో నీటివారే లేకుండుట నాకు పెద్ద లోపముగ తోచుచున్నది. అంతవరకు పంచాయతీ ప్రతినిధులు ముగ్గురిలో ఒకరైనను ఆయకట్టు రైతు అగునట్లు మనము ప్రయత్నింపవలెను.

రైతులు పూనుకొనిన పని నిలుచునని వేడంతాంగల్ తెలుపుచున్నది. చెంగల్పట్టు సీమలోని ఆ చెరువుపై పక్షులను సిపాయిలు కాల్చగా, పద్దెనిమిదవ శతాబ్ది చివర ఆ యూరివారే కలెక్టరునకు మొరపెట్టుకొని రక్షణకై కౌలు పొందిరి. ఆ రెట్టనీరు వారి పొలములకును ఎరువే.

అక్టోబరు కూడికలో వ్రాసికొనవలసినవి కొలదియే: నారు పోయు వారము, తూము మూయు తేది, చెట్ల మొదట ఉండవలసిన కనీసపు నీటి మట్టము. ఆ మట్టమును తూము రాతిపై రంగుతో గీయింపవలెను. కాగితము చదువలేనివారికిని గీత కనిపించును. పండుగ దినములలో యాత్రికుల బండ్లు కట్టపైకి రాకుండ, రైతు తూము కడకు పోవు త్రోవను విడిచిపెట్టవలెను. మూసిన తూమును మరల తెరువవలసివచ్చినచో ఎవరి సంతకము వలయునో, తాళము ఎవరి చేతనుండునో పేరుతో వ్రాసి, ఆ కాగితపు నకలును పంచాయతీ కచేరి గోడకు అంటింపవలెను.