పెద్ద టైర్లు వేశాక స్టీరింగ్ వణుకుతోందా?

ప్రశ్న: మాది 1998 జిప్సీ. 205/70 ఆర్15 టైర్లు తీసి 235/75 ఆర్15 వేయించాను. దల్మా కొండ దారిలో బాగానే ఉంది. హైవే మీద 60 దాటితే స్టీరింగ్ విపరీతంగా వణుకుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కదమా, జంషెడ్‌పూర్

జవాబు: కొత్త టైరు వ్యాసం సుమారు 6.5 సెంటీమీటర్లు ఎక్కువ, బరువూ ఎక్కువే. పాత జాయింట్లలో ఇన్నాళ్లూ దాగి ఉన్న అరుగుదలను అది బయటపెడుతుంది.

ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. తగ్గకపోతే, బండి నేల మీద ఉండగానే ఒకరిని స్టీరింగ్ అటూఇటూ కొద్దిగా తిప్పమని, టై రాడ్ ఎండ్ల మీద చెయ్యి పెట్టి చూడండి. లూజు చేతికే తెలుస్తుంది. తర్వాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ బేరింగ్ అరిగినట్టు. కమాన్ పట్టీల బుష్‌లు, యూ బోల్టులు కూడా చూసి, చివరగా టో-ఇన్ సరిచేయించండి.

స్టీరింగ్ డ్యాంపర్‌తో సరిపెట్టుకోవద్దు. అది జబ్బును కప్పిపెడుతుందంతే. పైగా ఇప్పుడు మీటరు 60 చూపితే అసలు వేగం దాదాపు 66. బాగయ్యేదాకా దయచేసి హైవే ఎక్కకండి.