ద్రాక్షతీగెను బ్రతికించిన వేరు

ద్రాక్షాసవము చేయు విధము వినుటకు సులభము. పండ్లను చిదిపి తొట్టిలో నుంచినచో, ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు గాలిగను మార్చును. నల్లద్రాక్షను తొక్కలతో గూడ పులియనిచ్చినచో ఆసవమునకు ఎఱుపురంగు వచ్చును. అయితే తోటలో తీగె బ్రతికియున్నగదా తొట్టిలో పని! ఆ తీగెయే నశింపనున్న కాలమొకటి ఫ్రాన్సుదేశమునకు వచ్చెను. అందు విద్యార్థులు నేర్వదగిన శాస్త్రపద్ధతి కలదు గనుక ఆ వృత్తాంతమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

1863వ సంవత్సర ప్రాంతమున రోన్ నదీతీరపు తోటలలో ద్రాక్షాకులు పండుబారి రాలసాగెను. కొలది యేండ్లలో తీగెలు చచ్చెను. చచ్చినవానిని పెల్లగింపగా వేళ్లు నల్లబడి కుళ్లియుండెను గాని పురుగొక్కటియు కానరాలేదు. 1868 జూలైలో మోంపెల్యే నగరపు వృక్షశాస్త్రజ్ఞుడగు ప్లాంషోన్ తన సహచరులతో గూడి, ఇంకను పచ్చగానున్న తీగెల వేళ్లను పరీక్షించెను. వానినిండ పసుపుపచ్చని సూక్ష్మకీటకము లుండెను! పేనుబంకకు దగ్గఱ చుట్టమగు ఈ కీటకమే ఫిల్లాక్సెరా. వేరు చావగానే ఇది మఱియొక వేరునకు పోవును. కావుననే చచ్చిన తీగెపై దొరకలేదు.

ఇది ఉత్తర అమెరికానుండి తెప్పించిన తీగెలతో వచ్చినది. నేలలోనికి కార్బన్ డైసల్ఫైడు ఎక్కించిరి. తోటలను నీట ముంచిరి. అవి అన్నిచోట్లను సాగలేదు. 1875లో సుమారు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్లుండిన ఫ్రాన్సు ఆసవపు దిగుబడి, 1889 నాటికి 2 కోట్ల 30 లక్షలకు దిగెను.

అమెరికా తీగెలు మాత్రము ఈ పురుగునకు లొంగవు. కాటుపడినచోట వాని వేరు బెరడువంటి పొరను గట్టి కుళ్లును లోనికి రానీయదు. కాని వాని పండ్ల ఆసవము ఫ్రెంచివారికి రుచింపదు. కావున అమెరికా వేరునకు ఫ్రెంచికొమ్మను అంటుగట్టిరి. వేరు పరాయిదైనను పండు కొమ్మజాతిదే యగును.

అంతటితో చిక్కు తీఱలేదు. సున్నపునేలలలో ఆ అమెరికా వేళ్లపై ఆకులు పసుపుబారెను. 1887లో వియాలా అను శాస్త్రజ్ఞుడు అమెరికాకు బోయి, టెక్సస్‌లో మన్సన్ అను ద్రాక్షపండితుని సాయమున సున్నపురాతి నేలలలో పెరుగు జాతులను తెలిసికొనెను. ఆ జాతులతో సంకరము చేసిన వేళ్లే సున్నపునేలలకు దిక్కయ్యెను.

మన దేశమున మహారాష్ట్ర ద్రాక్షతోటలలో నీటియెద్దడికిని ఉప్పునేలకును తాళుటకై వాడు డాగ్‌రిడ్జ్ వేరును టెక్సస్‌నుండి వచ్చినదే.

తెగులు వచ్చిన దేశమునుండియే మందును వచ్చెను. అయినను ఆ మందునకు దారి చూపినది పచ్చని తీగె వేరును పరీక్షించిన ఆ చూపే. మన పాఠశాల తోటలో మొక్క వాడినప్పుడు, దానినేగాక దాని ప్రక్కనున్న పచ్చని మొక్కను గూడ పరీక్షింపుడని సోదరవిద్యార్థులను కోరుచున్నాము.