దేవాలయ పరిచారకుడు

విజయవాడ నగరములోని గుణదల కొండ మేరీమాత క్షేత్రముగా ప్రసిద్ధి కెక్కినది. 1924వ సంవత్సరమున ఆర్లాటి అను గురువు అచ్చట మాత విగ్రహమును నెలకొల్పెను. 1933లో శిఖరముపై 18 అడుగుల ఇనుప సిలువను నిలిపిరి. ఫ్రాన్సు దేశమందలి లూర్దులో 1858 ఫిబ్రవరి 11వ తేదీన మాత దర్శనమిచ్చెనని కథోలిక క్రైస్తవుల విశ్వాసము. అందుచే ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదలలో ఉత్సవములు జరుగును. క్రైస్తవులేగాక హిందువులును వచ్చి కొబ్బరికాయలు కొట్టుదురు, తలనీలాలు సమర్పింతురు, క్రొవ్వొత్తులు వెలిగింతురు.

ఇట్టి క్షేత్రములకు వచ్చువారు పూజ చేయు గురువును చూతురు. పూజకు వలయు సమస్తమును సమకూర్చు పరిచారకుడు వారి కంట బడడు. అతడు అందరికంటె ముందు వచ్చి, అందరి వెనుక పోవును. తలుపులు తెరచి, బలిపీఠముపై తెల్లని వస్త్రము పరచి, పానపాత్రను, ద్రాక్షారసమును, అప్పములను సిద్ధపరచును. ఆనాటికి తగిన పూజావస్త్రమును తీసి యుంచును. తపస్సుకాలమున ఊదా, క్రిస్మసు, ఈస్టరు పండుగలకు తెలుపు, వేదసాక్షుల స్మరణదినములకు ఎరుపు, సామాన్యకాలమున ఆకుపచ్చ; ఈ క్రమము అతనికి కంఠస్థమై యుండవలెను. త్రికాల జపమునకు గంట మ్రోగించును. దివ్యసత్ప్రసాదమున్న మందసముచెంత దీపము రేయింబవళ్లు ఆరకుండ చూచును.

పని చక్కగా జరిగిననాడు అతని నెవరును తలపరు. లోపము జరిగిననాడు అందరును చూతురు. వెలగల పాత్రలున్న గది తాళపుచెవులు అతనియొద్ద నుండును. చూచువారు లేనివేళనే అతని నిజాయితీకి పరీక్ష. జనసమ్మర్దములో ఒక క్రొవ్వొత్తి మంట చీర చెరగున కంటుకొన్నచో ప్రాణాపాయమే కలుగును. కావున అతని జాగరూకత వేడుకకొరకు మాత్రమే కాదు.

ఈ సేవ మిక్కిలి ప్రాచీనమైనది. బైబిలులోని సమూయేలు బాల్యమున షిలోహు మందిరములో ఏలీ అను యాజకునియొద్ద పరిచర్య చేయుచు, ఉదయమున మందిరపు తలుపులు తెరచెను. పిమ్మట అతడే ఇశ్రాయేలు ప్రజలకు ప్రవక్త యయ్యెను. తలుపులు తెరచిన చేతులని లోక మతనిని చిన్నచూపు చూడలేదు.

కోవెలలో ప్రమిదలు తోమువాడును, మసీదులో తొట్టి నింపువాడును ఇట్టి సేవకులే. వెలుగుచున్న దీపమునకు మ్రొక్కువారు, దానిలో నూనె పోసిన చేతిని గూడ తలచుకొనుట న్యాయము.