జబ్బు ఒకటే.. పేర్లు అనేకం! ఆ చిక్కు విప్పేవారికి కొలువులు

ఒక ఆసుపత్రి కేస్‌షీట్‌లో ‘టీ2డీఎం’ అని ఉంటుంది. ఇంకో ఆసుపత్రి పాత రికార్డుల్లో అదే ‘ఎన్‌ఐడీడీఎం’. మూడోచోట డ్యూటీ డాక్టర్ హడావిడిగా ‘షుగర్, 8 ఏళ్లుగా’ అని రాసి వదిలేస్తారు. మూడూ టైప్-2 మధుమేహమే. డాక్టర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌కు మాత్రం అవి పొంతన లేని మూడు మాటలు. ఈ మూడు ఆసుపత్రుల డేటా కలిపి ఒక మందు పనితీరు తేల్చాలనుకున్న పరిశోధకుడు ఒక్క పేరుతో వెతికితే చాలామంది రోగులు లెక్కలోకే రారు.

ఇలాంటి డేటాను ఒక్క తాటి మీదకు తెచ్చే సాధనాలే బయోమెడికల్ ఆంటాలజీలు. బీజెడ్‌సీ, బయోటెక్నాలజీ, బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివి ‘మెడికల్ కోడింగ్ తప్ప మనకు ఇంకో దారి లేదా?’ అని అడిగేవారు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో. వారికి ఇది మంచి దారి. ఇక్కడ ముందు కావాల్సింది జీవశాస్త్రం, వైద్య పరిభాషల మీద గట్టి పట్టు. ప్రోగ్రామింగ్ తర్వాత నేర్చుకున్నా సరిపోతుంది.

అసలు ఆంటాలజీ అంటే..

ఒక రంగంలోని భావనలన్నింటినీ వరుసపెట్టి, ఒక్కోదానికి మారని నంబరు, స్పష్టమైన నిర్వచనం, వాడుకలో ఉన్న మారుపేర్లు ఇచ్చి, వాటి మధ్య సంబంధాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిపెట్టడమే ఆంటాలజీ. ఇంటివాళ్లు ‘ఫిట్స్’ అంటారు, డాక్టర్ ‘కన్వల్షన్స్’ అని రాస్తారు, పరిశోధన పత్రంలో ‘ఎపిలెప్టిక్ సీజర్’ అని ఉంటుంది. జన్యువ్యాధుల లక్షణాల కోసం తయారైన హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీ(హెచ్‌పీవో)లో ఆ లక్షణానికి ఒకటే గుర్తింపు: హెచ్‌పీ:0001250. పైగా అది నాడీవ్యవస్థ లోపాల శాఖ కింద ఉంటుంది. అందుకే ‘నాడీవ్యవస్థ లోపాలున్న పిల్లలు’ అని వెతికితే, ఆ మాట ఎక్కడా రాయకపోయినా ఫిట్స్ ఉన్న పిల్లలు జాబితాలోకి వస్తారు. మామూలు పదాల పట్టిక ఈ పని చేయలేదు.

పేరును నమ్ముకుంటే ఏమవుతుందో జన్యుశాస్త్రవేత్తలకు బాగా తెలుసు. సెప్టిన్ కుటుంబానికి చెందిన ‘ఎస్‌ఈపీటీ2’ అనే జన్యువు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్సెల్‌లో టైప్ చేస్తే అది ‘2-సెప్టెంబర్’ అనే తేదీగా మారిపోయేది. ఎక్సెల్ జన్యు పట్టికలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీయే ఆ పేర్లను మార్చింది. ‘ఎస్‌ఈపీటీ2’ కాస్తా ‘సెప్టిన్2’ అయింది. పేరు మారినా దాని గుర్తింపు నంబరు మాత్రం మారలేదు. నంబరుతో దాచుకున్న డేటా చెక్కుచెదరలేదు.

ముందుగా తెలుసుకోవాల్సినవి

ఈ రంగంలో వందల ఆంటాలజీలు, పరిభాషలు ఉన్నాయి. అన్నీ బుర్రకెక్కించుకోనక్కర్లేదు. ఇవి తెలిస్తే చాలు.

జీన్ ఆంటాలజీ: జన్యువులు, ప్రొటీన్లు చేసే పనుల వర్ణనకు. పండ్ల ఈగ, ఎలుక, ఈస్ట్ డేటాబేస్‌ల నిర్వాహకులు 1998లో చేతులు కలిపి మొదలుపెట్టారు.

స్నోమెడ్ సీటీ: ఆసుపత్రి రికార్డుల కోసం. ఇందులో మూడున్నర లక్షలకు పైగా భావనలున్నాయి. దీన్ని నిర్వహించే అంతర్జాతీయ సంస్థలో భారత్ 2014లో సభ్యత్వం తీసుకుంది. దేశంలో దీని వ్యవహారాలు పుణెలోని సీడాక్‌లో ఉన్న జాతీయ కేంద్రం ఎన్‌ఆర్‌సీఈఎస్ చూస్తుంది.

లాయింక్: ల్యాబ్ పరీక్షలకు. 1994లో అమెరికాలోని రీగెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించింది.

మెడ్‌డ్రా, సీడిస్క్: మందుల దుష్ప్రభావాల నమోదుకు మెడ్‌డ్రా, క్లినికల్ ట్రయల్స్ డేటాకు సీడిస్క్ ప్రమాణాలు. ఫార్మకోవిజిలెన్స్, క్లినికల్ ఎస్‌ఏఎస్ కోర్సులు చేసినవారికి ఈ పేర్లు పరిచయమే.

ఐసీడీ: ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణ. 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునాని వ్యాధుల పేర్లతో దానికి ఒక మాడ్యూల్ 2024 జనవరిలో చేరింది. బీఏఎంఎస్ పట్టభద్రులకు ఇది తెరుచుకున్న తలుపు.

వీటితోపాటు రెండు డేటా నమూనాలు తెలియాలి. ఆసుపత్రుల మధ్య రికార్డులు పంపుకోవడానికి ఎఫ్‌హెచ్‌ఐఆర్, పరిశోధన కోసం రికార్డులను ఒకే తీరులో అమర్చడానికి ఓమాప్. ఇక డేటా వెతికితే దొరకాలి, అందుబాటులో ఉండాలి, ఇతర డేటాతో కలవాలి, మళ్లీ వాడుకునేలా ఉండాలి అని చెప్పే ‘ఫెయిర్’ సూత్రాలు 2016లో వచ్చాయి. పరిశోధన నిధులిచ్చే సంస్థలు వీటిని పట్టించుకోవడం మొదలుపెట్టాకే ఈ నిపుణుల అవసరం బాగా పెరిగింది.

సీట్లో కూర్చుంటే చేసే పని ఇదీ

రెండు ఆసుపత్రుల మధుమేహ డేటాను కలిపే ప్రాజెక్టు మీ చేతికి వచ్చిందనుకోండి. మొదట ల్యాబ్ పరీక్షలు చూస్తారు. ఒకచోట ‘హెచ్‌బీఏ1సీ’, మరోచోట ‘గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్’. రెంటికీ లాయింక్ కోడ్ 4548-4 ఇచ్చేసి ముందుకెళ్లాలనిపిస్తుంది. ఆగి యూనిట్లు చూడాలి. ఒక ల్యాబ్ ఫలితాన్ని శాతంలో ఇస్తే, ఇంకోటి మోల్‌కు మిల్లీమోల్స్‌లో ఇస్తుంది. మొదటి ల్యాబ్‌లో 7 శాతం అంటే రెండో ల్యాబ్‌లో 53. ఆ కొలతకు లాయింక్‌లో కోడ్ కూడా వేరు. ఇది చూడకుండా కలిపేస్తే రెండో ఆసుపత్రి రోగులంతా ప్రాణాపాయంలో ఉన్నట్టు లెక్క తేలుతుంది.

తర్వాత వ్యాధి నిర్ధారణలు. టైప్-2 మధుమేహానికి ఐసీడీ-10లో ఇ11, స్నోమెడ్‌లో 44054006, మోండో వ్యాధుల ఆంటాలజీలో 0005148, డిసీజ్ ఆంటాలజీలో 9352. వీటిని ఒకదానితో ఒకటి జతచేయడాన్ని మ్యాపింగ్ అంటారు. ఇక్కడే అసలు తెలివి కావాలి. మూత్రపిండాల సమస్యతో కూడిన మధుమేహానికి ఐసీడీ-10లో ఇ11.2 ఉంది. దాన్ని తీసుకెళ్లి మామూలు టైప్-2 మధుమేహానికి జతచేస్తే కిడ్నీ సమాచారం పోయినట్టే. సరిగ్గా సరిపోయిందా, దీనికంటే విశాలమైనదా, ఇరుకైనదా అన్నది ప్రతి జతకూ రాసిపెట్టాలి.

చివరగా డాక్టర్ల నోట్స్. ‘తల్లికి డయాబెటిస్’ అన్నచోట రోగికి మధుమేహం అంటగట్టకూడదు. ‘ఆర్/ఓ డెంగీ’ అంటే డెంగీ ఉందేమోనన్న అనుమానమే. మెడికల్ కోడింగ్ చేసినవారికి ఈ జాగ్రత్త చేతికి అలవాటై ఉంటుంది. అందుకే రెండుమూడేళ్ల కోడింగ్ అనుభవం ఈ రంగంలో వృథా పోదు.

ఏయే ఉద్యోగాలు?

బయోక్యురేటర్: పరిశోధన పత్రాలు చదివి, అందులోని విషయాలను ఆంటాలజీ పదాలతో డేటాబేస్‌లోకి ఎక్కించేవారు. లైఫ్ సైన్సెస్ పీజీ, పీహెచ్‌డీ వారికి అనువైనది.

క్లినికల్ టెర్మినాలజిస్ట్: ఆసుపత్రి, ల్యాబ్ పరిభాషను స్నోమెడ్, లాయింక్‌లకు జతచేసేవారు. వైద్య, దంత, ఆయుష్, ఫార్మ్‌డీ పట్టభద్రులు, అనుభవమున్న కోడర్లు ప్రయత్నించవచ్చు.

డేటా స్టాండర్డ్స్ స్పెషలిస్ట్: ఔషధ పరీక్షల డేటాను సీడిస్క్ ప్రమాణాల్లోకి తెచ్చేవారు. అమెరికా ఎఫ్‌డీఏ 2016 డిసెంబరు తర్వాత మొదలైన అధ్యయనాలకు ఈ తరహా ప్రామాణిక డేటాను తప్పనిసరి చేసింది కాబట్టి ఫార్మా రంగంలో ఈ పనికి నికరమైన గిరాకీ ఉంది.

ఆంటాలజీ, నాలెడ్జ్ గ్రాఫ్ ఇంజినీర్: ఆంటాలజీలను నిర్మించి, డేటాతో ముడిపెట్టి, ప్రశ్నలకు జవాబులు రాబట్టే వ్యవస్థలు కట్టేవారు. కంప్యూటర్ సైన్స్, బయోఇన్ఫర్మాటిక్స్ వారిది పైచేయి.

ఇంటరాపరబిలిటీ ఇంజినీర్: ఎఫ్‌హెచ్‌ఐఆర్ ద్వారా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లను కలిపేవారు. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ ప్రమాణం మీదే నడుస్తోంది కాబట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వీరి అవసరం ఉంది.

ఎక్కడ అవకాశాలు?

హైదరాబాద్‌లో నోవార్టిస్, ఆమ్జెన్, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, సనోఫీ వంటి బహుళజాతి ఔషధ సంస్థలకు పెద్ద కేంద్రాలున్నాయి. ఇలాంటి కేంద్రాల్లో డేటా స్టాండర్డ్స్, డేటా మేనేజ్‌మెంట్, ఇన్ఫర్మాటిక్స్ విభాగాలను గమనించండి. ప్రకటనల్లో ‘ఆంటాలజీ’ అన్న మాట చాలాసార్లు కనిపించదు. ‘టెర్మినాలజీ’, ‘మెటాడేటా’, ‘సెమాంటిక్’, ‘నాలెడ్జ్ గ్రాఫ్’, ‘ఫెయిర్ డేటా’ అని వెతకాలి.

పరిశోధన వైపు సీసీఎంబీ, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ మన ముంగిట్లోనే ఉన్నాయి. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలను నమోదు చేసిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సీసీఎంబీ భాగస్వామి. ఆ డేటాను ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో భద్రపరిచి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇలాంటి డేటా మరొకరికి పనికిరావాలంటే దాని వెంట ఉండే వివరాలు ప్రామాణికంగా ఉండాల్సిందే. ఇలాంటి సంస్థల్లో ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టుల ప్రకటనలపై కన్నేసి ఉంచండి. విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లాలనుకునేవారు బ్రిటన్‌లోని ఈఎంబీఎల్-ఈబీఐ, స్విట్జర్లాండ్‌లోని స్విస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్, అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ పేర్లు గుర్తుపెట్టుకోవాలి.

ఏం చదవాలి?

దేశంలో ఆంటాలజీ పేరుతోనే డిగ్రీ కోసం వెతుక్కోవద్దు. బయోఇన్ఫర్మాటిక్స్, కంప్యుటేషనల్ బయాలజీ, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పీజీల మీదుగా వెళ్లడమే మేలు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లలో కంప్యుటేషనల్ బయాలజీ పరిశోధనకు మంచి వాతావరణముంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం(డీబీటీ) తోడ్పాటుతో నడిచే బయోటెక్నాలజీ పీజీలకు గ్యాట్-బీ, ఎంటెక్ వంటివాటికి గేట్‌లో బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్, డేటా సైన్స్-ఏఐ పేపర్లు, పరిశోధనకు సీఎస్‌ఐఆర్ నెట్ దారులు. అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి.

ఆరు నెలల ప్రణాళిక

మొదటి రెండు నెలలు: ఎస్‌క్యూఎల్, పైథాన్‌లో పాండాస్. వీటితోపాటే స్నోమెడ్ ఇంటర్నేషనల్ ఉచితంగా అందించే ఆన్‌లైన్ ఫౌండేషన్ కోర్సు పూర్తిచేయండి. ఉచితంగా దొరికేదానికి వేలకు వేలు కట్టి, ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ బోర్డులను నమ్మి మోసపోవద్దు.

మూడు, నాలుగు నెలలు: స్టాన్‌ఫర్డ్ రూపొందించిన ప్రొటెజె సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా దించుకుని యాభై అరవై పదాలతో చిన్న ఆంటాలజీ కట్టండి. ఆంటాలజీలు రాసే ఆర్‌డీఎఫ్, ఔల్, వాటిని ప్రశ్నించే స్పార్కిల్ మూలసూత్రాలు ఇక్కడే పట్టుబడతాయి. తర్కాన్ని సరిచూసే ‘రీజనర్’ను అందులో నడిపితే మీరు రాసిన సంబంధాల్లో వైరుధ్యాలు బయటపడతాయి.

అయిదు, ఆరు నెలలు: గిట్‌హబ్‌లో పెట్టగలిగే ప్రాజెక్టు ఒకటి చేయండి. సింథియా అనే టూల్ తయారుచేసే కల్పిత రోగుల డేటాను తీసుకుని ఓమాప్ నమూనాలోకి మార్చడం మంచి ఎంపిక. నిజమైన రోగుల రికార్డులను అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఒకసారి చదవండి, ఇంటర్వ్యూలోనూ అడగవచ్చు.

రెజ్యూమెకు బరువు తెచ్చే పని ఇంకోటుంది. హెచ్‌పీవో, మోండో, జీన్ ఆంటాలజీ వంటివి గిట్‌హబ్‌లో బహిరంగంగా నడుస్తాయి. లేని పదం కావాలనో, ఉన్న నిర్వచనంలో తప్పుందనో ఎవరైనా అభ్యర్థన పెట్టవచ్చు. పదం, నిర్వచనం, అది ఏ పదం కింద రావాలి, ఆధారంగా ఏ పరిశోధన పత్రం.. ఈ నాలుగూ పక్కాగా రాస్తే ఎడిటర్లు పరిశీలిస్తారు. అంగీకరిస్తే ప్రపంచమంతా వాడే ఆంటాలజీలో మీ పాత్ర నమోదవుతుంది. దానికి డిగ్రీ చూడరు, కాలేజీ పేరు అడగరు.

ఏఐ వస్తే ఈ ఉద్యోగాలు ఉంటాయా?

అందరూ అడిగే ప్రశ్నే. మ్యాపింగ్‌లో తొలి చిత్తుప్రతిని ఏఐ ఇప్పటికే చేసిపెడుతోంది. చూసి ఎక్కించే పని తగ్గుతుంది, అందులో సందేహం లేదు. అయితే లేని కోడ్‌ను ఉన్నట్టే ధీమాగా రాసేయడం కూడా దానికి అలవాటే. దాన్ని పట్టుకోవాలంటే జబ్బు తెలిసినవారు, కోడ్ తెలిసినవారు కావాలి. పైగా ఏఐ సరైన జవాబివ్వాలంటే దానికి అందించే డేటా పద్ధతిగా ఉండాలి. కాబట్టి కోడ్‌లు బట్టీపట్టేవారికంటే ఏ కోడ్ ఎందుకు తప్పో చెప్పగలిగేవారికే భవిష్యత్తు.

ఈ రంగం మీకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి ఫీజు కట్టక్కర్లేదు. ఈబీఐ వారి ఆంటాలజీ లుకప్ సర్వీస్ వెబ్‌సైట్ తెరిచి మీకు బాగా తెలిసిన ఒక జబ్బును వెతకండి. దాని నిర్వచనం, మారుపేర్లు, పైనున్న పదాలు, కిందనున్న పదాలు చదవండి. ‘ఇది ఇక్కడెందుకుంది? అక్కడుండాలి కదా!’ అని మనసు వాదనకు దిగితే ఈ పని మీదే. మర్నాడే ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టండి.