ఆష్టిలో ఫిజియో గది తెరిచిన తమ్ముడికి

తమ్మీ,

గది దొరికిందనీ, రెండు మిషన్లు కొన్నాననీ రాశావు. చాలా సంతోషం. మిషన్ల కిస్తీ కట్టాలి కదా అని వచ్చినవాళ్లందరికీ కరెంటు పెట్టి పంపకు. దాంతో నొప్పి కాసేపు తగ్గుతుంది, సన్నబడ్డ తొడ కండ మాత్రం సన్నగానే ఉంటుంది. పని చెప్తేనే కండకు బలం.

పైగా నీ దగ్గరికి వచ్చేదెవరు? ఆలపల్లి, సిరోంచ నుంచి బస్సెక్కేవాళ్లు, వైనగంగ దాటి గోండ్‌పిప్రి వైపు నుంచి వచ్చేవాళ్లు. పది రోజులు వరసగా రమ్మంటే వాళ్ల కూలి ఎవరిస్తారు? వాళ్ల వెంట ఇంటిదాకా పోయే వైద్యం వ్యాయామం ఒక్కటే.

మోకాళ్ల నొప్పితో వచ్చిన పెద్దమ్మను కాళ్లు చాపి కూచోబెట్టు. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, అయిదు లెక్కపెట్టేదాకా దాన్ని కిందికి అదమమను. నీ వేళ్లు మోకాలి చిప్పకు పైన, లోపలి పక్కన ఆనించు. చిప్ప పైకి జరగాలి, వేళ్ల కింద కండ గట్టిపడాలి. చాలామంది తొడకు బదులు పిర్ర బిగిస్తారు, ఊపిరి బిగబడతారు. వేలితో తట్టి చూపిస్తే మాడియా తప్ప వేరే మాట రాని అవ్వకైనా తెలిసిపోతుంది. నీ ఎదుట సరిగ్గా చేసి చూపించేదాకా ఎవరినీ ఇంటికి పంపకు. పది వ్యాయామాలు చెప్తే ఒక్కటీ చెయ్యరు, రెండే చెప్పు.

అలవాటయ్యాక బరువు పెంచాలి. మనవాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. రెండో ప్రపంచయుద్ధంలో థామస్ డెలార్మ్ అనే అమెరికా సైనిక డాక్టరు మోకాళ్లు దెబ్బతిన్న సిపాయిల చేత పెద్ద బరువులే ఎత్తించి, 1945లో ఆ పద్ధతిని అచ్చు వేయించాడు. క్రమక్రమంగా బరువు పెంచడమన్నది అప్పటినుంచే మన చికిత్సలో నిలబడింది. నీకు డంబెల్సు అక్కర్లేదు. గుడ్డసంచిలో అరకిలో ఏటి ఇసుక పోసి చీలమండకు కట్టు. సులువైతే ఇంకాస్త పొయ్యి. మర్నాడు నొప్పి పెరిగితే తగ్గించు.

నాట్లప్పుడు నడుం నొప్పి అంటూ ఆడవాళ్లు వస్తారు. పని మానుకోమనకు, వాళ్లకు కుదరదు. మధ్యమధ్య గట్టు మీద నిలబడి, నడుముకు చేతులు ఆనించి మెల్లగా వెనక్కి వంగమను. కాల్లోకి దిగిన నొప్పి వెనక్కి నడుములోకి వస్తుంటే మంచిదే. కిందికి పాకుతుంటే ఆపెయ్యి. రెండు కాళ్లూ మొద్దుబారి మూత్రం అదుపు తప్పిందంటే వ్యాయామం ఊసే వద్దు, అదే రోజు చంద్రపూర్ పెద్దాసుపత్రికి పంపు.

పక్షవాతం వచ్చిన పెద్దమనిషి గురించి రాశావు. మంచం మీద చేతులూ కాళ్లూ ఊపించడంతో సరిపెట్టకు. కుర్చీలోంచి లేచి నిలబడ్డమే ఆయనకు పెద్ద వ్యాయామం. బాగున్న కాలి మీదే బరువంతా వేస్తాడు, కనిపెట్టి రెండో కాలి మీద కూడా వేయించు. చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటున్నాడో వారం వారం రాసి పంపు.

మీ అక్క